లంక కొసన చిన్న సమాధి

రైలు వంతెన మీద పోతూ కిటికీలోంచి తొంగిచూసి, గోదావరిని చూసేశామనుకునే కుర్రాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మంచిదే, చేతులెత్తి దణ్ణం కూడా పెడతారట. మా రోజుల్లో గోదావరిని చూడటమంటే వారాల తరబడి దాని మీదే తిని, దాని మీదే పడుకుని, దాని చేత మొట్టికాయలు తిని రావడం. నేను అలా కొన్నేళ్ళు తిరిగాను. సొంత పడవలో కాదు లెండి. పడవ ఒక దొరగారిది, నేను అందులో దుబాసీని.

దుబాసీ అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. తెల్లవాళ్ళ మాట మనవాళ్ళకీ, మనవాళ్ళ మాట తెల్లవాళ్ళకీ చేరవేసేవాడు. అదేం బ్రహ్మవిద్య కాదు. అటు నుంచి వచ్చే కోపాన్ని కాస్త తగ్గించి, ఇటు నుంచి పోయే వినయాన్ని కాస్త పెంచి చెప్పడం చేతనైతే ఉద్యోగం నిలబడుతుంది. రాజమండ్రిలో చదువు ముగించుకుని, మీసం సరిగా రాకముందే కాలవల శాఖలో ఒక ఇంజనీరు దొరగారి దగ్గర చేరాను. ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు మా అరుగు మీద చేరి, "మీ కాలంలో ఏం చేశారండీ తాతగారూ" అని అడుగుతుంటారు గనుక ఈ ఒక్క సంగతీ రాస్తున్నాను. రాశాక ఇందులో నీతి ఏమిటని మాత్రం అడగకండి. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, నాకే దొరకలేదు.

దొరగారికి తనిఖీలకని సర్కారు పడవ వేరే ఉండేది. నేను చెప్పేది ఆయన మనసుపడి సొంతానికి కట్టించుకున్నది. తెల్లరంగు, రెండు గదులు, ఆకుపచ్చ రెక్కల కిటికీలు, పైకప్పు మీద పేము కుర్చీలు, ఎండ తగలకుండా గుడ్డ పందిరి. వానలు వెనకబట్టి ఏరు తేరుకోగానే దొరసానిగారు ఆ పడవలో లంకలన్నీ చుట్టి రావడం ప్రతి ఏటా జరిగేది. గోదావరి పాయల నడుమ ఇసుక మేట వేసి పెరిగిన దీవులే కదా లంకలంటే. దొరగారు పని తెమిలినప్పుడు మధ్యలో ఎక్కి, రెండు బాతుల్ని కొట్టి, మళ్ళీ దిగిపోయేవారు. లంక రైతులతో మాటలు కలపడానికి ఆవిడ వెంట నేనుండేవాణ్ణి.

పడవకు పెద్ద సరంగు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక చేపల పల్లె అతనిది. నేను చేరేనాటికే తల ముగ్గుబుట్ట. చుక్కాని పట్టుకుని కూర్చుంటే మనుషులతో మాట్లాడేవాడు కాదు, గాలితో మాట్లాడేవాడు, అవీ తిట్లే. అతని కింద గడలు వేసే కళాసులు, వంటకు ఒక బట్లరు. నేను పడవలో వండింది ముట్టను. ఒడ్డు దొరికినప్పుడు మూడు రాళ్ళు పెట్టుకుని, మడి కట్టుకుని అత్తెసరు వేసుకునేవాణ్ణి. "పంతులుగారి మడి ఆరేలోగా గాలి పడిపోద్దండి" అని కళాసులు నవ్వేవారు. నిజంగానే ఒకటి రెండు సార్లు పడిపోయింది. అప్పుడు సరంగు గాలిని తిట్టాల్సిన తిట్లన్నీ నా వైపు తిరిగి తిట్టేవాడు.

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఎక్కితే గౌతమి పాయ వెంట మొగ దాకా పోయేవాళ్ళం, ఒక్కో లంక దగ్గరా ఆగుతూ. పొగాకు చేలు, అరటి తోటలు, ఇసుకలో పుచ్చపాదులు, పాయ ఈదుకుంటూ మేతకు పోయే గేదెలు. కిందికి దిగేకొద్దీ నీళ్ళు ఉప్పన, ఒడ్డు బురదలో వేళ్ళు తేలిన మడచెట్లు, గాలిలో ఎండుచేపల వాసన. మేం ఆగగానే రైతులు అరటి గెలో, కుండలో పెరుగో తెచ్చి దొరసాని ముందు పెట్టేవారు. పెట్టాక చెప్పుకునేది మాత్రం ఎప్పుడూ కోత గురించే. లంకలో నేల ఎవరికీ శాశ్వతం కాదు. వరద వచ్చి ఒకడి చేను కోసుకుపోయి ఇంకొకడి గట్టున పోస్తుంది, అడిగే నాథుడు లేడు. నేను అది ఇంగ్లీషులో చెబితే ఆవిడ "అయ్యో" అనేవారు. అచ్చంగా తెలుగులోనే అనేవారు. అది ఆవిడకు నేర్పింది వాళ్ళ అబ్బాయి.

ఆ అబ్బాయిని నేను చూడలేదు. నేను చేరే ముందే పోయాడు. అయినా పడవలో ఎవరి నోట విన్నా వాడి మాటే. రాజమండ్రిలో పుట్టి, ఏటా ఈ పడవలో తిరుగుతూ పెరిగినవాడు. ఇంగ్లీషు కంటే ముందు తెలుగు వచ్చిందట, అదీ కళాసుల తెలుగు. సరంగును తాతా అని పిలిచేవాడట, అతని ఒళ్ళో కూర్చుని అతనితో పాటు గాలిని తిట్టేవాడట. నాలుగేళ్ళు నిండక ముందే, ఇలాంటి ప్రయాణంలోనే, ఒక లంక దగ్గర జ్వరం తగిలి పడవలోనే కన్నుమూశాడు. ఎదురుగాలి, పట్నానికి చేర్చే దారి లేదు. దొరగారు ఏటిగట్టు వెంట గుర్రం మీద వచ్చి, పడవ చేరుకుని, ఆ లంక దిగువ కొసన రెండు తాటిచెట్ల కింద సరంగుతో కలిసి తన చేతులతో తనే గొయ్యి తవ్వి కొడుకును పూడ్చారు. కర్రతో ఒక సిలువ చేసి పాతారు.

అప్పటినుంచీ దొరసాని లంకల ప్రయాణమంటే పేరుకే ప్రయాణం. అసలు వెళ్ళేది ఆ సమాధి దగ్గరికి. మొదటిసారి నేను చూసినప్పుడు సున్నం కొట్టిన చిన్న దిబ్బ, తెల్ల సిలువ, చుట్టూ బంతి మొక్కలు ఉన్నాయి. లంక రైతులు శ్రద్ధగా చూసుకునేవారు. ఆవిడ అక్కడ ఏడవగా నేను చూడలేదు. గొడుగు వేసుకుని పక్కనే కూర్చుని, ఆ ఏడాది ఇంట్లో జరిగిన కబుర్లన్నీ వచ్చీరాని తెలుగులో దిబ్బకు చెప్పుకునేవారు. కుక్క పిల్లలు పెట్టిందనీ, తోటమాలి పెళ్ళి చేసుకున్నాడనీ. ఆ మాటలకు దుబాసీ అక్కర్లేదు గనుక నేను దూరంగా నిలబడేవాణ్ణి. సరంగు మాత్రం ఆ లంకలో కాలు పెట్టేవాడు కాదు. పడవలోనే కూర్చుని ఏటి వైపు చూసేవాడు. ముసలాయనకు ఇంకా దుఃఖం తీరలేదనుకున్నాను. దొరగారైతే అక్కడికి ఒక్కసారీ రాలేదు. ఆ లంక దగ్గర పడేసరికి ఏదో ఒక పని కల్పించుకునేవారు. ఆయనది రాతిగుండె అని బట్లరు అనేవాడు. నేనూ అదే అనుకున్నాను.

కొన్నేళ్ళకు దొరగారికి జబ్బు చేసింది. కాలేయం చెడిందన్నారు. ఈ దేశంలో ఇంకో ఎండాకాలం గడిపితే ప్రాణానికే మోసమని డాక్టరు చెప్పేశాడు. కాకినాడలో ఓడ ఎక్కి వెళ్ళిపోవాలి, ఇక తిరిగి రావడమంటూ లేదు. సామాను కడుతున్న రోజుల్లో దొరసాని నా ఎదుటే భర్తతో చెప్పారు, బాబును ఇక్కడ వదిలేసి నేను రాను, ఎముకలైనా తీసుకెళ్ళి మన ఊరి చర్చి పక్కన పెట్టుకుంటాను అని. దొరగారు, వాణ్ణి ఉన్నచోట ఉండనియ్యి అన్నారు. ఆవిడ వినలేదు. ఆయన అదే మాట మళ్ళీ అన్నారు, ఈసారి కటువుగా. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. మర్నాడు నన్ను పిలిచి టేకు పెట్టె ఒకటి చేయించమన్నారు. ఎంత పొడవో చేతులు చాపి చూపించారు. దొరగారిని సర్కారు పడవలో కాలవ మీదుగా కాకినాడ పంపించేసి, మేం ఆఖరిసారి లంకలకు బయల్దేరాం.

పడవ కదిలాక, ఈసారి ఎందుకు వెళుతున్నామో సరంగుకు చెప్పమన్నారు ఆవిడ. నేను వెళ్ళి చెప్పాను. బాబును తవ్వి తీసి పెట్టెలో పెట్టి వాళ్ళ సీమకు తీసుకుపోతారట, పారలు సిద్ధం చెయ్యి అన్నాను. సరంగు చుక్కాని వదిలేశాడు. పడవ ఏటికి అడ్డం తిరిగింది. కళాసులు కేకలు వేసుకుంటూ గడలు వేసి నిలబెట్టారు. ఏమైందని పైనుంచి ఆవిడ అడిగితే, గాలి మారిందని చెప్పాను. గాలి అప్పుడు అసలు లేనే లేదు.

మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చాక సరంగు నన్ను వెనక్కి పిలిచి ఉన్న సంగతి చెప్పాడు. బాబు పోయిన మరుసటి వానల్లోనే పెద్ద వరద వచ్చింది. లంక దిగువ కొసంతా, తాటిచెట్లతో సహా, ఏట్లో కలిసిపోయింది. సిలువ లేదు, దిబ్బ లేదు, ఆ నేలే లేదు. వరద తీసీతీయగానే దొరసాని సమాధి చూడటానికి వస్తున్నారని కబురందింది. అప్పటికి ఆవిడ మంచం దిగి ఎన్నాళ్ళో కాలేదు, పిచ్చిదైపోతుందేమోనని బంగళాలో అందరూ భయపడుతున్న రోజులవి. సరంగూ లంక రైతులూ కూడబలుక్కున్నారు. మిగిలిన లంకలో, తాటిచెట్లున్న ఇంకో చోట అలాంటిదే ఒక దిబ్బ పోసి, సున్నం కొట్టి, కొత్త సిలువ పాతారు. వరదకు ఒడ్డు కాస్త జరిగిందని అప్పటి దుబాసీ చేత చెప్పించారు. ఆవిడ నమ్మారు. దిబ్బ కింద ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ కబుర్లు చెప్పుకున్నది ఉత్త ఇసుకకు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత మోసం ఎలా చేశావని కేకలేశాను. సరంగు తల ఎత్తలేదు.

"మాకేం తెలుసండి పంతులుగారూ, పూడ్చిన బిడ్డని మళ్ళీ తవ్వుతారని? ఎక్కడన్నా ఉందాండి ఈ చోద్యం?"

నా కోపం అక్కడితో చల్లారింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మనలో చంటిపిల్లలు పోతే కాల్చరు, పూడుస్తారు. గుర్తు పెట్టరు. తల్లికి ఆ చోటు చూపించరు. తల్లి అటు చూస్తే బిడ్డ మళ్ళీ ఆ కడుపున పడదని నమ్మకం. ఏడాది తిరిగేసరికి పూడ్చిన తండ్రికే ఆనవాలు ఉండదు. సరంగు తన బిడ్డలిద్దర్ని అలా ఏటి ఒడ్డున పెట్టి వచ్చినవాడు. ఎక్కడ పెట్టావని అతని భార్య ఏనాడూ అడగలేదు. పైగా బిడ్డను గోదావరి తీసుకుందంటే వాళ్ళ దృష్టిలో అంతకంటే పుణ్యం లేదు. దొరసానికి కావలసింది కూర్చుని చూసుకోవడానికి ఒక దిబ్బ అని తెలుసుకున్నారు, వింతే అనుకున్నారు, అయినా పోసి పెట్టారు. దాన్ని ఎవరైనా పారతో తెరుస్తారన్నది వాళ్ళ ఊహకు అందే సంగతి కాదు. వాళ్ళ స్థానంలో ఉంటే నాకూ అందేది కాదు.

చెప్పెయ్యమన్నాను. అతను నన్నే చెప్పమన్నాడు.

"మీరు చెప్పండి బాబూ. ఇంగిలీసులో చెబితే నొప్పి కాస్త తక్కువుంటాదేమో."

నేను చెప్పలేనన్నాను. ఇంకొకరి మాట చేరవేయడం తప్ప సొంతంగా మాట చెప్పే అలవాటు మా ఉద్యోగంలో ఉండదు. బట్లరును అడిగితే, వంటవాణ్ణి, నాకెందుకండీ అన్నాడు. అలా పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలో తేలకుండానే పడవ సాగింది.

సాగిందనడం కంటే సాగదీశాం అనాలి. సరంగు తన జన్మలో ఎన్నడూ లేనిది, లోతు పాయ వదిలేసి మేట మీదికి పడవ తోలి ఇసుకలో దిగబెట్టాడు. కళాసులు నీళ్ళలోకి దూకి, ముందున్న వాళ్ళు ముందుకీ వెనకున్న వాళ్ళు వెనక్కీ తోసి, పడవ కదలడం లేదని చెమటలు తుడుచుకున్నారు. బట్లరు ఉప్పు నిండుకుందని ఊళ్ళోకి పోయి సాయంత్రానికి గానీ రాలేదు. నేను కూడా నా వంతుగా, ఫలానా లంకలో అమ్మవారి జాతర చూడతగ్గదని చెప్పి ఇంకో పాయలోకి తిప్పించాను. తీరా వెళ్ళి చూస్తే అక్కడ జాతరా లేదు, అమ్మవారూ లేదు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

మమ్మల్ని అసలు కుంగదీసింది ఆ నవ్వే. ఆ రోజుల్లో ఆవిడ సంతోషంగా ఉన్నారు. ఎన్నడూ చూడనంత సంతోషంగా ఉన్నారు. ప్రతి లంకలోనూ దిగి అందరికీ వెళ్ళొస్తానని చెప్పారు. ఇక్కడే మా బాబు మొదటిసారి గేదెను చూసి జడుసుకున్నాడు, ఇక్కడే నీళ్ళలో పడితే సరంగు జుట్టు పట్టి లాగాడు అని నాకు చూపించారు. కొడుకును ఇంటికి తీసుకెళుతున్న తల్లి సంబరం అది. పెట్టెలో పరవడానికి చిన్న బొంత ఒకటి తనే కుట్టారు. రోజూ ఉదయం దాన్ని పైకప్పు మీద ఎండలో ఆరేసి, సాయంత్రం మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేవారు. ఒకరోజు పడుచు కళాసు ఒకడు ఆ బొంత చూసి, గడ కింద పెట్టేసి, ఒక లంక దగ్గర దిగి ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ ఇంటికి పోయాడు. సరంగు అతన్ని తిట్టలేదు. గాలిని తిట్టడం కూడా అప్పటికే మానేశాడు.

ఎంత సాగదీసినా ఏరు ఉన్నంత దూరమే కదా ఉంటుంది. ఓడ వచ్చే రోజు దగ్గరపడిందని కాకినాడ నుంచి మనిషి వచ్చాడు. ఇక తిరగడానికి లంకలూ మిగల్లేదు.

ఆ ఉదయం మేం దిగేసరికి లంకలో ఒక్క రైతు లేడు. పొగాకు చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎవరో ముందే కబురు చేర్చినట్టున్నారు. సరంగు మొదటిసారి మా వెంట ఒడ్డు దిగాడు, భుజాన పారతో. దిబ్బ పక్కన కుర్చీ వేస్తే ఆవిడ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. సరంగు తలపాగా తీసి పక్కన పెట్టాడు. బంతి మొక్కల్ని వేళ్ళతో సహా పెకలించి ఒక వారగా ఉంచాడు. తవ్వడం మొదలుపెట్టాడు.

అక్కడ ఏమీ లేదని అతనికి తెలుసు, నాకు తెలుసు. అయినా తవ్వుతున్నాడు. మోకాలి లోతు వెళ్ళాడు, నడుం లోతు వెళ్ళాడు. లంక ఇసుక నిలవదు, తీసినంతా మళ్ళీ జారుతుంది. అడుగున నీళ్ళు ఊరాయి. ఆ నీళ్ళలోనే పార వేస్తున్నాడు. నోటితో చెప్పలేనిది తవ్వి చూపిద్దామనుకున్నాడేమో, లేక మాట్లాడాల్సిన క్షణాన్ని అలా ఒక్కో పార వెనక్కి నెట్టుకుంటున్నాడేమో, నాకు ఇప్పటికీ తెలియదు. బాబును ఎంత లోతున పెట్టారని ఆవిడ నన్ను అడిగారు. నేను సరంగును అడిగాను. అతను బదులు చెప్పకుండా తవ్వాడు. కాసేపటికి ఆవిడ కుర్చీలోంచి లేచి గోతి అంచుకు వచ్చి నిలబడ్డారు.

"తాతా," అన్నారు. ఆ పిలుపు ఆవిడ నోట మేమెవరమూ అంతకు ముందు వినలేదు. "బాబు ఎక్కడ?"

సరంగు గోతిలో నిలబడే చెప్పాడు. "గోదారమ్మ తీసుకుందమ్మా. ఆ ఏడు వరదకే. మీరు తట్టుకోలేరని ఇది పోశాం."

నేను ఇంగ్లీషులో చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

తిడతారని ఎదురుచూశాం. పడిపోతారని బట్లరు నీళ్ళ కూజా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఏదీ జరగలేదు. ఆ చోటు చూపించమన్నారు, అంతే. పడవ ఎక్కి దిగువకు వెళ్ళాం. అక్కడ ఏరు మైదానమంత వెడల్పు, ఎటు చూసినా ఒకటే నీరు. సరంగు ఒక చోట ఆపించి ఇక్కడ అన్నాడు. నిజంగా ఇక్కడేనా అని ఆవిడ అడిగారు. అతను చుట్టూ చూసి, ఇంకాస్త అవతల చూపించాడు. మళ్ళీ అడిగారు. "తెలీదమ్మా" అని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు ముసలాడు. ఆవిడ పడవ అంచున వంగి నీళ్ళలో చెయ్యి పెట్టారు. పడవ అక్కడక్కడే తిరిగినంతసేపూ ఆ చెయ్యి తియ్యలేదు.

"ఇన్నేళ్ళూ నేను ఎవరితో మాట్లాడాను?" అని నన్ను అడిగారు, ఇంగ్లీషులో. తిరిగి చెప్పవలసిన మాట కాదది. నాకే వేసిన ప్రశ్న.

లంకకు తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ మళ్ళీ నోరు విప్పారు. ఈ సంగతి దొరగారికి తెలియకూడదన్నారు. ఉన్న ప్రాణమే అంతంత మాత్రం, ఇది వింటే ఓడ ఎక్కే దాకా కూడా బతకరు, బాబు దొరికాడనే ఆయనకు చెప్పాలి అన్నారు. నా చేత గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టించి ప్రమాణం చేయించుకున్నారు. సరంగు చేత నేను చేయించాను. ఖాళీ పెట్టె చప్పుడు చేస్తుందని ఆవిడే గమనించారు. బొంత బయటికి తీసి, ఆ గోతి పక్కన కుప్పగా ఉన్న ఇసుకను తనే దోసిళ్ళతో ఎత్తి పెట్టెలో పోశారు. సరంగు పారతో సాయం పట్టాడు. కదలకుండా నిండా పొయ్యమన్నారు. పైన బొంత కప్పి, మూత బిగించారు. ఆవిడ కోసమని వాళ్ళు కల్పించిన సమాధిని, ఇప్పుడు ఇంకొకరి కోసం ఆవిడ సీమకు మోసుకుపోవాలి. దుఃఖంలో ఉన్నవాళ్ళకు మనం చేసే మేలు ఒక్కోసారి ఇలా వాళ్ళ నెత్తికే చుట్టుకుంటుంది నాయనా.

కాకినాడలో రేవు ఉప్పుటేరు ఒడ్డున ఉండేది. ఓడలు సముద్రంలో దూరంగా ఆగేవి, చిన్న పడవల్లో వెళ్ళి ఎక్కాలి. దొరగారిని కుర్చీతో మోసుకొచ్చి రేవు మీద కూర్చోబెట్టారు. మనిషి చిక్కి సగమయ్యారు. దొరసాని పెట్టెను ఆయన కాళ్ళ దగ్గర పెట్టించి, దొరికాడు అని చెప్పారు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ నవ్వారు కూడా. ఆ నవ్వు చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను. సామాను పడవలో సర్దించడానికి ఆవిడ మెట్లు దిగి వెళ్ళారు.

దొరగారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. వంగి, పెట్టె పిడి పట్టుకుని ఒక పక్క ఎత్తబోయారు. చేతకాక వదిలేశారు.

"ఇసుక మరీ ఎక్కువ పోశారు," అన్నారు.

ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. బతుకంతా గోదావరి ఇసుక తవ్వించినవాడికి దాని బరువు తెలియదా అన్నారు. ఆ లంక కొస కోతకు పోయిన సంగతి వరద తీయగానే ఆయనకు తెలుసట. సరంగు పోసిన దిబ్బ సంగతీ తెలుసట. భార్యకు అది ఆసరా అయిందని ఊరుకున్నారు. ఆ దిబ్బ ముందు ఆవిడ పక్కన నిలబడి నటించలేక ఒక్కసారీ రాలేదు. తవ్వొద్దని రెండు సార్లు చెప్పారు, ఎందుకో చెప్పలేకపోయారు. సరంగు మంచివాడు, ఆమె చూడకుండా ఏదో ఒకటి పెట్టి మూసేసి ఉంటాడు, అతనికి నా కృతజ్ఞతలు చెప్పు అన్నారు. అని నా కళ్ళలోకి చూశారు.

"ఆమెకు తెలుసా?"

దొరసాని టోపీ సర్దుకుంటూ మెట్లెక్కి వస్తున్నారు. నా దోసిట్లో పోసిన గోదావరి నీళ్ళు గుర్తొచ్చాయి.

"తెలియదండి," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఎప్పటికీ తెలియనివ్వకూడదని నా దగ్గర మాట తీసుకున్నారు. అంతలో ఆవిడ వచ్చి, ఏమిటి మాట్లాడుకుంటున్నారని అడిగారు. సముద్రం ఇవాళ నెమ్మదిగా ఉందని చెబుతున్నాను అన్నారు దొరగారు.

పడవ రేవు విడిచాక సరంగు నా పక్కకు వచ్చి, దొరగారు ఏమన్నారని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను నా భుజం పట్టుకున్నాడు. నా మడీ ఆచారం సంగతి కూడా చూడలేదు.

"కేకెయ్యండి పంతులుగారూ. ఇంకా ఇనపడతాది. ఇద్దరికీ తెలుసని చెప్పెయ్యండి."

నిజమే, పడవ ఇంకా పిలిస్తే పలికే దూరంలోనే ఉంది. నేను నీళ్ళ అంచు దాకా వెళ్ళి నోరు తెరిచాను. ఇద్దరికీ మాట ఇచ్చినవాణ్ణి, ఎవరికిచ్చిన మాట ముందు తప్పాలో తేల్చుకోలేకపోయాను. పడవలో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అల తగిలినప్పుడల్లా పెట్టె జరగకుండా చెరో చెయ్యీ దాని మీద వేసి పట్టుకుంటున్నారు, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు.